మెక్సికో తల్లుల దినచర్య

దినచర్య యనగా మనకు వాకిట కల్లాపి చల్లి ముగ్గు పెట్టుట మొదలు రాత్రి వంటయిల్లు సర్దుకొని తలుపు గడియ వేయువఱకు సాగు పనుల వరుస. ఒకనాడు ముగ్గు ఆలస్యమైనను, పప్పునకు ముందు పులుసు దింపినను మన కొంప మునుగదు. సాయంకాలమునకు అన్నియు సర్దుకొనును. కాని కొన్ని యిండ్లు గలవు. అందు వరుస తప్పిన యొక చిన్న పని దినమంతటిని కూల్చివేయును. కంచము రంగు మారినను, పోవు వీథి మారినను బిడ్డ నేలబడి గంటసేపు విలపించును. అట్టి యింట దినచర్య వట్టి యలవాటు గాదు. కప్పు నిలుపు నిట్రాడు. ఆ నిట్రాటిని దినదినము పట్టుకొని నిలుచునది తల్లి.

ఆటిజమను స్థితితో పుట్టిన పిల్లలు గల యిండ్లు అట్టివి. అమెరికా దేశమున అట్టి బిడ్డలను పెంచుచున్న మెక్సికో సంతతి తల్లులను మేము కొంతకాలము దగ్గఱనుండి చూచితిమి. చూచినదియు, వారివలన విన్నదియు, తరువాత చదివి తెలిసికొన్నదియు నీ వ్యాసమున మనవి చేయుచున్నాము.

గత సంవత్సరము ఆగస్టు మాసమున మా తోడికోడలి రెండవ పురుటికై అత్తగారిని వెంటబెట్టుకొని కాలిఫోర్నియా రాష్ట్రమందలి శాన్ హోసే నగరమునకు బోయి జనవరి వఱకు నచటనే యుంటిమి. మా వారు బడిపంతులగుటచే సెలవు దొరకక యిచటనే యుండిపోయిరి. మా తోడికోడలి పెద్ద కుమారునకు నాలుగేండ్లు. బిడ్డ చక్కనివాడు, కాని పిలిచిన తిరిగి చూడడు, అమ్మా యని పిలువడు, బొమ్మబండి చక్రమును త్రిప్పుచు ప్రొద్దు గడపును. మేము పోవుటకు మూడు మాసములు ముందే వైద్యులు దానిని ఆటిజమని నిర్ణయించిరి. ఆ మాట మా మఱది ఫోనులో చెప్పలేక దాచెను. పోయిన పిమ్మటనే మాకు తెలిసినది.

వారి ప్రక్క వాటాలో మెక్సికో సంతతి కుటుంబము కాపురముండెను. ఆ గృహిణి కుమారునకు ఎనిమిదేండ్లు. అతడును ఆటిజము గలవాడే. మా తోడికోడలికి ధైర్యము చెప్పి దారి చూపిన తొలి మనిషి ఆమెయే. మాకు ఆంగ్లము కొద్దిగా వచ్చును, స్పానిషు బొత్తిగా రాదు. మా సంభాషణము చాలవఱకు తోడికోడలి మధ్యవర్తిత్వముననే సాగినది.

ఆ దేశమున మెక్సికో సంతతివారు 3 కోట్ల 70 లక్షలకు పైగా గలరు. వారి నందఱిని నిన్న మొన్న వచ్చినవారనుట సరికాదు. కాలిఫోర్నియా 1848వ సంవత్సరము వఱకు మెక్సికో దేశములోని భాగమే. యుద్ధానంతరము జరిగిన సంధివలన అమెరికా వశమైనది. శాన్ హోసే యను పేరే స్పానిషు పేరు. 1777లో స్పెయినువారు నెలకొల్పిన యూరది. తరువాత వచ్చిన మెక్సికో స్త్రీ పురుషులెందఱో ఆ లోయలోని పండ్లతోటలలోను, పండ్లను డబ్బాలలో నింపు కర్మాగారములలోను పని చేసిరి. మా పొరుగింటి గృహిణి తల్లి మిచోఆకాన్ అను సీమనుండి వచ్చి అట్టి కర్మాగారముననే వ్రేళ్లరుగదీసికొన్న స్త్రీ. ఇప్పుడా తోటల చోట కంప్యూటరు కంపెనీలు లేచినవి. మా మఱది వంటి తెలుగువారు ఆ కంపెనీల పనికే పోయి వారికి పొరుగువారైరి.

ఆటిజమును గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. ఇది అంటువ్యాధి గాదు, పిచ్చి గాదు. మెదడు ఎదుగుదలలోని యొక భేదము. 1943లో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి దీనిని వివరముగా వ్రాసెను. పిమ్మట కొన్నియేండ్లు పండితులు నెపమంతయు తల్లిపై మోపిరి. తల్లి మనసు మంచువలె చల్లనిదగుటచే బిడ్డ తనలోనికి ముడుచుకొనెనని వారి వాదము. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ వ్రాసిన గ్రంథము ఆ వాదమును మిక్కిలి వ్యాపింపజేసెను. తానే అట్టి బిడ్డకు తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే దానిని ఖండించి గ్రంథము వ్రాసియుండెను. నేడు శాస్త్రజ్ఞులు తల్లి పెంపకము గాని, టీకాలు గాని దీనికి కారణము గావనియు, వంశానుగతమైన కారణములే ప్రధానమనియు నిశ్చయించిరి.

2025లో ప్రకటింపబడిన అమెరికా ప్రభుత్వపు లెక్క ప్రకారము, పరిశీలించిన ప్రాంతములలో ఎనిమిదేండ్ల పిల్లలలో 31 మందికొకరు ఈ స్థితి గలవారు. పూర్వపు లెక్కలలో మెక్సికో మొదలగు లాటిన్ అమెరికా సంతతి పిల్లలు తెల్లవారి పిల్లలకంటె తక్కువగా కనబడుచుండిరి. 2023 నాటి లెక్కలో వారి పాలు తొలిసారిగా తెల్లవారి పాలును మించినది. పూర్వము ఆ పిల్లలు లేకపోలేదు; కనుగొని చెప్పువారు తక్కువ. తల్లి చెప్పినది స్పానిషు రాని వైద్యునకు తెలియదు, వైద్యుడు చెప్పినది తల్లికి తెలియదు; ఇట్లెన్నియో యేండ్లు వృథాగా గడచినవి.

ఇక మా పొరుగింటి దినమును వర్ణింతుము.

ఆమె తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, యిండ్ల పైకప్పులు వేయు పనికి బోవు భర్తకు అన్నము కట్టి యిచ్చును. అతడు వెడలిన పిమ్మట గోడమీది బొమ్మల పటమును సరిచూచును. చొక్కా, బూట్లు, కంచము, పసుపుపచ్చని బడిబండి, ఇల్లు, స్నానపు తొట్టి, మంచము, ఇట్లు ఆనాటి పనులన్నియు బొమ్మలుగా వరుసనంటింపబడియుండును. పిల్లవాడు లేచిన వెంటనే ఆ పటము కడకే పోయి ఒక్కొక్క బొమ్మను వ్రేలితో ముట్టును. పని ముగిసినప్పుడెల్ల ఆ బొమ్మను ఊడదీసి క్రిందనున్న సంచిలో వేయును. మనము పంచాంగము చూచుకొనునట్లే అతడా పటమును చూచుకొనును. పంతులుగారి యొద్దకు పోవలసివచ్చినను, వైద్యుని యొద్దకు పోవలసివచ్చినను ముందునాడే దానికొక బొమ్మ అంటవలయును. బొమ్మ లేని పని యింట జరుగరాదు.

దినమంతయు ఆమె నోట రెండు మాటలు వినబడుచుండును: "ప్రిమేరో", "దెస్పుయెస్". ముందు, తరువాత యని వాని యర్థము. ముందు బూట్లు, తరువాత బండి. ముందు స్నానము, తరువాత ఊయల. మూడవ దినమునకే మా అత్తగారు ఆ రెండు మాటలను నేర్చుకొనిరి.

వారి యన్నము తోర్తియా యను రొట్టె. మొక్కజొన్నలను సున్నపు నీట నుడికించి, నాననిచ్చి, రుబ్బిన పిండితో చేయుదురు. ఇప్పుడా పిండి అంగడిలోనే దొరకును. తడిపి తట్టి కోమాల్ అను పెనముపై కాల్చుటయే పని. మన జొన్నరొట్టెకు చెల్లెలనవచ్చును. ఆ పిల్లవాడు అమ్మమ్మ తట్టిన తోర్తియా తప్ప మఱొకటి ముట్టడు. దానిని నాలుగు మడతలు పెట్టవలయును. నల్లని మచ్చ యుండరాదు. చిక్కుడు గింజల పులుసు రొట్టెకు తగులరాదు. చూచినవారు ముద్దుచేసి చెడగొట్టినారందురు. నిజమేమన, అట్టి పిల్లలలో పలువురకు రుచి, వాసన, స్పర్శ, ధ్వని మనకంటె తీక్ష్ణముగా దోచును. మనకు సామాన్యమగు మాడు వాసన వారికి భరింపరానిది కావచ్చును.

అమ్మమ్మకు డెబ్బది యేండ్లు. వ్రేళ్లు వంగుట లేదు. ఆమె తరువాత ఈ బిడ్డ యేమి తినును? ఈ భయముచే తల్లి వారమునకొకమాఱు తన చేత తట్టిన రొట్టె నొకదానిని అమ్మమ్మ రొట్టెల నడుమ నుంచును. పిల్లవాడు దానిని కనిపెట్టి మాటలేక ప్రక్కకు దీసిపెట్టును. రెండేండ్లుగా నిట్లే జరుగుచున్నదట. మఱుసటి వారము ఆమె మరల తట్టును. విసుగన్న మాట ఆమె నోట మేము వినలేదు. డిసెంబరు నెలలో నొకనాడు పిల్లవాడు దానిని త్రిప్పి చూచి, వాసన చూచి, సగము తినెను. ఆ తల్లి మా వాటాకు వచ్చి మిగిలిన సగమును మా తోడికోడలికి చూపి, మాట రాక నిలువబడెను.

పిల్లవాడు బడికి పోయిన పిమ్మట ఆమె రెండిండ్లలో పాచిపని చేసి మధ్యాహ్నమునకు వచ్చును. వచ్చిన పిమ్మట కాగితముల పని. బీరువాలో రెండు మూరల యెత్తున కాగితముల కట్టలు. కాలిఫోర్నియాలో 1969లో చేసిన లాంటర్‌మన్ చట్టము ప్రకారము ఇట్టి వారికి ప్రభుత్వమే సాయమందింపవలయును. అందులకై రాష్ట్రమున 21 ప్రాంతీయ కేంద్రములున్నవి. 1975 నాటి దేశచట్టము లోపముగల ప్రతి బిడ్డకును బడిలో తగిన చదువు చెప్పవలయునని శాసించినది; 1990లో ఆటిజమును పేరు పెట్టి అందు చేర్చిరి. ఏటేట బడివారు తల్లిదండ్రులతో కూర్చుండి బిడ్డకేమేమి నేర్పవలయునో వ్రాయుదురు. తల్లి కోరినచో దుబాసిని పెట్టవలయును. చట్టము మంచిదే, కాని అడిగినవారికే అది ఫలించును. అడుగుట యెట్లో తెలిసికొనుటయే ఆ తల్లులకు పెద్ద చదువు. నివాసపత్రములు లేని కుటుంబములవారు ప్రభుత్వపు గడప ద్రొక్కుటకే వెఱతురు. తమ బిడ్డ అమెరికాలోనే పుట్టినవాడైనను ఆ వెఱపు తీరదు.

మూడున్నర మొదలు ఆఱు గంటల వఱకు శిక్షకురాలు ఇంటికి వచ్చును. ఎదుటివారి వంక తిరుగుట, కావలసినది చూపి అడుగుట, తన వంతు వచ్చువఱకు నోర్చుట నేర్పును. వారమున కైదు దినములు పరాయి మనిషి తన వంటయింట కూర్చుండి తన బిడ్డను, తన మాటను పరిశీలించుచుండుట యెంత బరువో మన మూహింపగలము. అయినను ఆమె వచ్చిన మనిషికి ఏదో యొకటి పెట్టక పంపదు. అతిథికి పెట్టనియిల్లు ఇల్లు గాదని వారి మతము. ఈ విషయమున వారికిని మనకును భేదములేదు.

మఱియొక విషయమునను వారు మనవంటివారే. పెద్దలు వచ్చినప్పుడు పిల్లలు లేచి చెక్కిలి ముద్దిడి పలుకరింపవలయును. అట్లు చేయు బిడ్డను "బియెన్ ఎదుకాదో" యందురు. చక్కగా పెంచబడినవాడని యర్థము. అక్షరములు వచ్చుట కంటె ఈ మర్యాదయే వారికి పెద్ద చదువు. ఆటిజము గల బిడ్డ ముద్దిడుటకు వంగిన మేనమామను త్రోసివేయును. అప్పుడందఱి చూపులును తల్లి మీదనే. తప్పు పెంపకముది గాదని వైద్యుడు చెప్పినను బంధువులు చెప్పరు. మా పొరుగింటామె దీనికొక యుపాయము చేసెను. బిడ్డ ముద్దునకు బదులు పెద్దలకు చేయి చాచి వారి యరచేతిని తన యరచేత తట్టును. అదియే వాని వందనమని అందఱికిని ముందుగా చెప్పియుంచెను. మొదట నవ్వినవారు తరువాత తామే చేయి చాపజొచ్చిరి.

పండుగలలో మఱింత జాగ్రత్త వలయును. డిసెంబరు 16 మొదలు 24 వఱకు వారికి పోసాదాలు. మరియమ్మయు జోసెపును బస వెదకికొనుచు తిరిగిన కథను తలచుకొనుచు, ఇంటింట పాడుచు తలుపు దట్టుదురు. పిమ్మట విందు, పిల్లలు కఱ్ఱలతో పిన్యాతా యను బొమ్మను పగులగొట్టుట, కేకలు. ఆ ధ్వని ఈ బిడ్డకు చెవిలో సీసము పోసినట్లుండును. బిడ్డను దాచి యింట నుంచుట తల్లికి ఇష్టములేదు; బంధువులు లేని బ్రతుకు వారికి బ్రతుకే గాదు. కావున జనము కూడుటకు గంట ముందే పోయి, చెవులకు కప్పు దొడిగించి, పాట వఱకుండి, బొమ్మ పగులగొట్టకముందే వచ్చివేయును. ఆ యేర్పాటును కాపాడునది బిడ్డకు జ్ఞానమాతగా నిలిచిన స్త్రీ. అట్టి స్త్రీని తల్లి "కోమాద్రే" యని పిలుచును; సహమాత యని దాని యర్థము. ఆ పిలుపు మా కెంతయు నచ్చినది.

మొదటి దినములలో ఆ బిడ్డకు దృష్టి తగిలెనని అమ్మమ్మ నమ్మెను. కోడిగ్రుడ్డును ఒడలంతయు దొర్లించి, నీటి గ్లాసులో పగులగొట్టి చూచుట వారి యాచారము. ఇది చెప్పగా మా అత్తగారు "అయ్యో, మనం ఉప్పూ మిరపకాయలూ తీసినట్టే గదే!" యని ఆశ్చర్యపడిరి. తల్లి దానిని మాన్పింపలేదు. చల్లని గ్రుడ్డు వీపున దొర్లుట బిడ్డకు హాయిగా నుండెనట. కాని దానిని నమ్ముకొని వైద్యుని మానలేదు.

అన్నిటికంటె మాకు ముఖ్యముగా దోచినది భాషను గూర్చిన విషయము. ఆ బిడ్డకు నాలుగేండ్లప్పుడు మాటలు నేర్పు నిపుణురాలొకతె, రెండు భాషలు వానిని కలతపెట్టునని, ఇంట ఆంగ్లమే మాటలాడుడని చెప్పెనట. ఒక యేడాది ఆ తల్లి యట్లే చేసెను. ఆంగ్లము రాని అమ్మమ్మ మనుమని యెదుట మూగదయ్యెను. "ఆంగ్లంలో వాడికి పని చెప్పగలనుగాని జోల పాడలేను" అని ఆమె మా తోడికోడలితో ననెను. ఇట్టి సలహా చాలమంది తల్లులకు చెప్పబడినది. కాని తరువాత జరిగిన పరిశోధనలలో రెండు భాషలు వినుటవలన ఆటిజము గల బిడ్డల మాటకు హాని కలిగినట్లు కనబడలేదు. ఆమెకు ఈ సంగతి చెప్పినది "ప్రొమోతోరా" యను స్త్రీ. ప్రొమోతోరాలనగా పల్లెలలో, పేటలలో ఇంటింటికి బోయి ఆరోగ్య విషయములు బోధించు సామాన్య స్త్రీలు. సాండ్రా మగాన్యా యను విద్యావతి ఈ పద్ధతినే గ్రహించి, ఆటిజము గల బిడ్డలను పెంచిన తల్లులనే తయారుచేసి, తోడి తల్లుల యిండ్లకు పంపి, 14 పాఠములుగా నేర్పించు నేర్పాటును నడపెను. లాస్ ఏంజలెస్ నగరమున 1978లో ఇట్టి కుటుంబములవారును, వృత్తినిపుణులును కూడి ఫియెస్తా ఎదుకతీవా యను సంఘమును స్థాపించిరి. ఒకరు పడిన పాట్లు మఱొకరికి దారి యగుట యిదియే.

మా తోడికోడలికిని అదే సలహా యెవరో యిచ్చియుండిరి. ఆమె బిడ్డతో తెలుగు మానివేసినది. మా అత్తగారు మనుమని చేరబిలిచినప్పుడు, "తెలుగులో పిలవకండి అత్తయ్యా" యని కన్నీటితో ననెను. అత్తగారు ఆ రాత్రి భోజనము చేయలేదు. మఱునాడు పొరుగింటామె వచ్చి, తన యేడాది కథ యంతయు జెప్పి, "మీ అత్తగారు వాడితో ఏ భాషలో మాట్లాడుతుంది?" అని యొక్క ప్రశ్న వేసెను. మా తోడికోడలు వైద్యుని మరల నడిగి, తెలుగు మానవలసిన పనిలేదని విని వచ్చినది. నాటినుండి ఆ యింటను బొమ్మల పటము వెలసినది. ప్రిమేరో, దెస్పుయెస్ అనుటకు బదులు ముందు, తరువాత యనుచుండిరి. ముందు నీళ్లు, తరువాత బువ్వ. జనవరిలో మేము వచ్చునాటికి బిడ్డకు మాటలు రాలేదు. కాని "తరువాత బువ్వ" యనినంతనే అవ్వ వ్రేలు పట్టుకొని వంటయింటికి నడచుచుండెను.

బిడ్డ మాటలాడడు గనుక వానికేమియు తెలియదని మా అత్తగారు మొదట దుఃఖించుచుండిరి. ఆమె భాగవతము చదువుకొన్నవారు. రహూగణుని పల్లకి మోసిన జడభరతుని లోకము మందమతి యనుకొనలేదా యని మేము గుర్తుచేసితిమి. పలుకని ప్రతి బిడ్డయు జ్ఞానియని మా భావము గాదు. పలుకు లేనిచోట లోపలనేమియు లేదని నిశ్చయించుట మాత్రము తగదు.

ఇట్లు బిడ్డ వరుసను కాపాడు తల్లికి తన వరుస యేది? మా పొరుగింటామె నిలువబడియే తినును. రాత్రి బిడ్డ మూడుమాఱులు లేచిన తానును లేచును. శనివారము మధ్యాహ్నము కోమాద్రే వచ్చి బిడ్డకడ కూర్చున్న రెండు గంటలే ఆమెకు వారమంతటిలోని విశ్రాంతి. "మా తరువాత వీడి కెవరు?" అను ప్రశ్న ఆమెను వదలదు. మెక్సికో దేశమున 2015లో ఆటిజము గలవారి రక్షణకై ప్రత్యేక చట్టము వచ్చినది. మన దేశమునను 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టమును, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమును ఆటిజమును పేర్కొనినవి. చట్టము లెన్ని యున్నను ఆ శనివారపు రెండు గంటలను ఇచ్చునది పొరుగువారే, బంధువులే.

సోదరీమణులారా! మన వీథిలోను ఇట్టి బిడ్డ యుండవచ్చును. ఆ తల్లిని చూచినప్పుడు "ఇంకా మాటలు రాలేదా?" యని యడుగకుడు; ఆ ప్రశ్న ఆమె దినమునకు పదిమాఱులు వినుచునే యుండును. ఎక్కువ ఫోను చూపినావని గాని, గర్భవతిగానున్నప్పుడు నడవలేదని గాని నెపములు వెదకకుడు. పేరంటమునకు పిలిచినచో, జనము తక్కువగానున్న వేళ చెప్పి రమ్మనుడు; బిడ్డ కూర్చుండుటకు సందడి లేని గది యొకటి చూపుడు. బిడ్డ యేమి తినునో ఆమెనే యడిగి అదియే పెట్టుడు. వీలైనచో వారమునకు రెండు గంటలు బిడ్డకడ కూర్చుండుడు. ఏమేమి యే వరుసను చేయవలయునో ముందుగా నేర్చుకొనుడు. సహమాత యను మాట మన భాషలో వాడుకలో లేదు. ఆ పని మాత్రము మనకు క్రొత్త గాదు.